పల్మనరీ హైపర్‌టెన్షన్ డేటాలో ‘హబ్ జీన్స్’ తేల్చాను, వీటిని నమ్మొచ్చా?

ఆర్‌స్టూడియో_రాత్రులు (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బయోఇన్ఫర్మాటిక్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను, ప్రాజెక్టు పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల ధమనుల్లో ప్రెషర్ పెరిగే జబ్బు) మీద. మా డిపార్ట్‌మెంట్‌లో వెట్ ల్యాబ్ అంతంతమాత్రం, పేషెంట్ శాంపిల్స్ అయితే అసలే లేవు. అందుకే జియోలో (జీన్ డేటా అందరికీ అందుబాటులో ఉంచే వెబ్‌సైట్) ఉన్న పబ్లిక్ డేటా తీసుకుని చేయమని గైడ్ గారు చెప్పారు.

నేను చేసింది ఇది. జీఎస్ఈ113439, జీఎస్ఈ53408 అనే రెండు డేటా సెట్లు దించుకున్నాను. రెండూ ఊపిరితిత్తుల టిష్యూ మీద చేసిన మైక్రోఅర్రేలే (ఏ జీన్ ఎంత పలుకుతోందో ఒకేసారి వేల జీన్స్‌కి కొలిచే చిప్). కాంబాట్‌తో బ్యాచ్ ఎఫెక్ట్ (వేరే వేరే సార్లు కొలిచినందుకు వచ్చే తేడా) తీసేసి రెండింటినీ కలిపేశాను. లిమ్మా ప్యాకేజీతో పేషెంట్లకీ నార్మల్‌కీ తేడా ఉన్న జీన్స్ తీసి, వాటిని స్ట్రింగ్‌లో (ప్రోటీన్ల మధ్య లింకుల డేటాబేస్) వేసి, సైటోస్కేప్‌లో సైటోహబ్బాతో టాప్ పది హబ్ జీన్స్ (మిగతావాటితో ఎక్కువ లింకులున్నవి) తేల్చాను. తర్వాత లాస్సో (పనికొచ్చే జీన్స్‌ని మాత్రమే ఏరే మోడల్) పెట్టి ఆర్‌ఓసీ గీస్తే ఏయూసీ 0.9 దాటింది (1 అంటే పేషెంట్లని తప్పు లేకుండా గుర్తించినట్టు). సిబర్‌సార్ట్ (ఏ ఇమ్యూన్ కణాలు ఎంత ఉన్నాయో అంచనా వేసేది) కూడా చేశాను, ఎం2 మాక్రోఫేజెస్ అనే కణాలు ఎక్కువ అని వచ్చింది.

తేడా జీన్స్ లిస్టులో పైన ఉన్నవి: ఎక్స్‌ఐఎస్‌టీ, ఆర్‌పీఎస్4వై1, డీడీఎక్స్3వై, హెచ్‌బీబీ, ఎస్‌పీపీ1, పీఓఎస్‌టీఎన్. వాల్కనో ప్లాట్ (ఈ తేడాల బొమ్మ) చూడటానికి చాలా బాగుంది కానీ వైవాలో ఎవరైనా “ఇవి జబ్బుకి కారణమా, జబ్బు వల్ల వచ్చినవా” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. “డయాగ్నొస్టిక్ బయోమార్కర్స్” అని టైటిల్‌లో పెట్టొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పాత_కమాండ్‌లైన్

ముందు మీ లిస్టులో మొదటి మూడు పేర్లు మళ్ళీ చూడండి. ఎక్స్‌ఐఎస్‌టీ ఆడవాళ్ళలో ఎక్స్ క్రోమోజోమ్ ఒకదాన్ని అణిచిపెట్టే ఆర్‌ఎన్‌ఏ. ఆర్‌పీఎస్4వై1, డీడీఎక్స్3వై రెండూ వై క్రోమోజోమ్ మీద ఉంటాయి, అంటే మగవాళ్ళలోనే. ఈ మూడూ పైకి తేలాయంటే మీ కేసుల్లో, కంట్రోల్స్‌లో (పోల్చడానికి తీసుకున్న నార్మల్ శాంపిల్స్) ఆడా మగా నిష్పత్తి ఒకేలా లేదని అర్థం, బహుశా కేసుల్లో ఆడవాళ్ళు ఎక్కువ. మీరు కొలిచింది జబ్బుని కాదు, ఆ తేడాని. ఈ జబ్బులో ఇది ఊరికే జరిగేదే, ఎందుకంటే పీఏహెచ్ (ఊపిరితిత్తుల ధమనులకే వచ్చే రకం) ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుంది. అమెరికాలో రివీల్ రిజిస్ట్రీ చూస్తే పెద్దవాళ్ళలో దాదాపు 80 శాతం మహిళలే. కాబట్టి లిమ్మా డిజైన్ మ్యాట్రిక్స్‌లో (ఏ అంశాలు లెక్కలోకి తీసుకోవాలో చెప్పే పట్టిక) సెక్స్ పెట్టకుండా నడిపితే ఇలాంటి లిస్టే వస్తుంది. మెటాడేటాలో ఆడా మగా అని రాసి లేకపోయినా ఫరవాలేదు, ఎక్స్‌ఐఎస్‌టీని ఒక అక్షం మీద, ఆర్‌పీఎస్4వై1ని ఇంకో అక్షం మీద వేయండి, శాంపిల్స్ రెండు గుంపులుగా విడిపోతాయి, ఎవరు ఎవరో తెలిసిపోతుంది. వయసు కూడా దొరికితే అదీ పెట్టండి.

హెచ్‌బీబీ అంటే హిమోగ్లోబిన్ జీన్. అది పైకీ కిందికీ పోవడం చాలాసార్లు టిష్యూ ముక్కలో ఎంత రక్తం మిగిలిపోయింది అన్నదే చెబుతుంది.

రెండోది, కంట్రోల్స్ ఎవరు? ఇది ఎవరూ చూడరు, ఇదే నాకు విసుగు. జీఎస్ఈ113439లో ‘నార్మల్’ అంటే లంగ్ క్యాన్సర్ ఆపరేషన్‌లో గడ్డ పక్కన తీసిన టిష్యూ. అమెరికా వాళ్ళ పీహెచ్‌బీఐ సేకరణ నుంచి వచ్చిన జీఎస్ఈ117261లో నార్మల్ అంటే మార్పిడికి పనికిరాక పక్కన పెట్టిన దాతల ఊపిరితిత్తులు. రెండూ నార్మల్ కాదు, పైగా ఒక్కోటి ఒక్కో రకంగా నార్మల్ కాదు. ఒకటి పొగతాగిన వాళ్ళ లంగ్ అయ్యే అవకాశం ఎక్కువ, రెండోది వెంటిలేటర్ మీద ఉన్న మనిషిది. ఇక కేసులంటారా, అవి మార్పిడి ఆపరేషన్‌లో బయటికి తీసినవి, అంటే జబ్బు చివరి దశలోవి, ఏళ్ళ తరబడి మందులు వాడాక. కారణమా ఫలితమా అన్న మీ ప్రశ్నకి ఈ డేటా నుంచి జవాబు రాదు, అది మీ తప్పు కాదు, డేటాకే ఆ శక్తి లేదు.

ఇంకోటి. మీరు తీసుకున్న రెండు సెట్లూ టొరంటో నుంచి వచ్చినవే. కలిపే ముందు, ఒకే మనిషి రెండింట్లోనూ ఉన్నాడేమో శాంపిల్ శాంపిల్‌కీ కోరిలేషన్ వేసి చూసుకోండి. ఒకటి రెండు జతలు 0.99 దాటి కనబడితే మీ లాస్సోలో ట్రైనింగ్‌లో ఉన్నవాడే టెస్ట్‌లోనూ కూర్చున్నాడన్నమాట. ఏయూసీ అంత గొప్పగా రావడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది: మొత్తం డేటా మీద తేడా జీన్స్ ఏరి, ఆ తర్వాత అదే డేటాని ముక్కలు చేసి పరీక్షించడం. పేపర్ లీకైన పరీక్ష అది.

‘డయాగ్నొస్టిక్’ అని మాత్రం పెట్టకండి, దయచేసి.

పేపర్‌పులి

అన్నా అంత భయపెట్టకు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇది, నోబెల్ కాదు. ఇలాంటి పేపర్లు వందల్లో ఉన్నాయి, డీఈజీలు (తేడా జీన్స్), డబ్ల్యూజీసీఎన్‌ఏ (కలిసి కదిలే జీన్స్ గుంపులు), హబ్ జీన్స్, లాస్సో, ఇమ్యూన్ ఇన్‌ఫిల్ట్రేషన్, చివర్లో కనెక్టివిటీ మ్యాప్‌లో ఏదో ఒక మందు పేరు, అయిపోయింది. గైడ్ సంతకం పెడతాడు, డిగ్రీ వస్తుంది, తర్వాత నిజమైన సైన్స్ చేసుకోవచ్చు. రూము అద్దె కట్టేవాళ్ళకి ఫిలాసఫీ ఎందుకు.

పాత_కమాండ్‌లైన్

పులిగారూ, డిగ్రీ రాకూడదని నేను అనలేదు. సెక్స్‌ని కోవేరియేట్‌గా (లెక్కలో సర్దుబాటు చేసే అంశం) పెట్టడానికి కోడ్‌లో ఒక లైను మారుతుంది, సాయంత్రం టీ తాగే లోపు అయిపోతుంది. ఆ లైను రాయకుండా వై క్రోమోజోమ్ జీన్‌ని పల్మనరీ హైపర్‌టెన్షన్ బయోమార్కర్ అని థీసిస్‌లో రాస్తే, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి కాస్త తెలిసి ఉంటే వైవా అక్కడే ఆగిపోతుంది.

వార్డు_డ్యూటీ

పల్మనాలజీలో పని చేస్తాను. కోడింగ్ నాకు రాదు, కానీ జబ్బు వైపు నుంచి రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే బయోఇన్ఫర్మాటిక్స్ పేపర్లలో ‘పీహెచ్’ అని ఒకే ముద్ద చేసేస్తారు, చదివినప్పుడల్లా చిరాకేస్తుంది.

పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటే ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్ళే ధమనుల్లో ప్రెషర్ ఎక్కువ కావడం. కుడి గుండెలోకి క్యాథెటర్ పంపి కొలిచినప్పుడు సగటు 20 మిల్లీమీటర్లు దాటితే పీహెచ్ అంటాం. ఒకప్పుడు 25 ఉండేది, 2018 వరల్డ్ సింపోజియంలో తగ్గించమన్నారు, 2022 యూరోపియన్ గైడ్‌లైన్స్‌లో అదే ఖాయం చేశారు. అది కొలత మాత్రమే. దాని వెనక ఐదు గ్రూపులు: ధమనులకే వచ్చే జబ్బు గ్రూప్ 1, దాన్నే పీఏహెచ్ అంటాం. ఎడమ గుండె జబ్బు వల్ల వచ్చేది రెండు, ఊపిరితిత్తుల జబ్బు లేదా ఆక్సిజన్ తక్కువ వల్ల వచ్చేది మూడు, పాత రక్తపు గడ్డల వల్ల వచ్చేది నాలుగు, మిగతావన్నీ ఐదు. మీరు వాడిన జీఎస్ఈ113439లో ఇడియోపతిక్, అంటే కారణం తెలియని వాళ్ళున్నారు, స్క్లెరోడెర్మా లాంటి జబ్బులవాళ్ళున్నారు, పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్నవాళ్ళున్నారు, గడ్డల కేసు కూడా ఉంది. నాకు ఓపీలో వీళ్ళు నలుగురూ నాలుగు రకాల పేషెంట్లు. గడ్డల కేసుకి ఆపరేషన్ చేసి గడ్డ తీసేస్తే చాలామందికి బాగవుతుంది, ఇడియోపతిక్‌కి ఆ దారే లేదు.

మన దేశం సంగతి వేరే. కేరళలో 50 ఆసుపత్రుల నుంచి రెండు వేల మంది పేషెంట్లతో ప్రో-కేరళ అనే రిజిస్ట్రీ చేశారు. అందులో 59 శాతం గ్రూప్ 2, అంటే ఎడమ గుండె తాలూకుదే. గ్రూప్ 1 దాదాపు 21 శాతం. అందులో ఎక్కువ మందికి ఎకో మీదే తేల్చారు, క్యాథ్ చేసింది కొద్దిమందికే, అది గుర్తుంచుకుని చదవాలి. రుమాటిక్ వాల్వ్ జబ్బు ఇంకా పోని దేశం మనది. కాబట్టి అమెరికా, కెనడాల నుంచి వచ్చిన గ్రూప్ 1 టిష్యూ చూసి “భారతీయ పేషెంట్లకు ఉపయోగపడే బయోమార్కర్” అని కన్‌క్లూజన్‌లో రాయకండి.

ఇంకా ముఖ్యమైన మాట, ఏ పీఏహెచ్ పేషెంట్‌కీ ఊపిరితిత్తి బయాప్సీ చేయం. ప్రెషర్ ఎక్కువున్న చోట సూది వేస్తే రక్తం ఆగదు. మరి టిష్యూలో మీరు కనిపెట్టిన పది జీన్స్‌తో నేను డయాగ్నోసిస్ ఎలా చేయాలి? రక్తంలో కనబడాలి. అక్కడ ఇప్పటికే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె మీద పడే ఒత్తిడిని చూపే రక్త పరీక్ష) ఉంది, చాలా ల్యాబుల్లో చేస్తారు. దానికంటే ఏం ఎక్కువ చెబుతుందో చూపిస్తే నేను వింటాను.

ఎలుకల_గది

వెట్ ల్యాబ్ వైపు నుంచి. కమాండ్‌లైన్ గారు చెప్పినదానిలో చాలావరకు ఒప్పుకుంటాను, కానీ ఆ టిష్యూ డేటా పూర్తిగా పనికిరాదన్నట్టు ధ్వనించింది, అది సరికాదు. ప్రశ్న మార్చాలి అంతే.

పీఏహెచ్‌లో జబ్బు ఉండేది సన్నటి ధమనుల గోడల్లో: లోపలి ఎండోథీలియల్ కణాలు, వాటి బయట స్మూత్ మజిల్. మీరు ఊపిరితిత్తి ముక్క మొత్తాన్ని నూరి ఆర్‌ఎన్‌ఏ తీస్తే అందులో ఈ ధమనులది కొంచెమే. సాంబారంతా కలిపి రుచి చూసి ఇంగువ ఎంత వేశారో చెప్పమన్నట్టు ఉంటుంది. పైగా జబ్బు ముదిరిన లంగ్‌లో కణాల నిష్పత్తే మారిపోతుంది, కాబట్టి ఒక జీన్ ‘పెరిగింది’ అంటే ఒక్కో కణంలో పెరిగిందా, ఆ రకం కణాలే ఎక్కువయ్యాయా తెలీదు. సిబర్‌సార్ట్ వాడే ఎల్‌ఎం22 అనే జాబితాతో ఇది తేలదు, అందులో ఉన్నవి 22 రకాల ఇమ్యూన్ కణాలు మాత్రమే, ఎండోథీలియమ్ ఆ జాబితాలో లేనే లేదు. ఉన్న కణాల మధ్యే వంద శాతాన్ని పంచుతుంది కాబట్టి ‘ఎం2 ఎక్కువ’ అన్నదాన్ని ఆచితూచి చెప్పాలి. సింగిల్ సెల్ డేటాతో (ఒక్కో కణాన్నీ విడిగా కొలిచినది) సరిచూసుకోండి. 2020లో వచ్చిన ఒక సెట్‌లో ఇడియోపతిక్ పీఏహెచ్ ఉన్నవాళ్ళు ముగ్గురే, దాతలు ఆరుగురు, అయినా మీ పది జీన్స్ ఏ కణంలో పలుకుతున్నాయో చూడటానికి అది చాలు. ఎవరిలో ఎంత అన్న లెక్కకి మాత్రం చాలదు.

ఎస్‌పీపీ1 గురించి: అది ఆస్టియోపాంటిన్ అనే ప్రోటీన్ జీన్. జీఎస్ఈ113439 పెట్టినవాళ్ళే దాని గురించి పేపర్ రాశారు. కాబట్టి అదే డేటాలో అది మళ్ళీ దొరికిందంటే కొత్త ఆవిష్కరణ కాదు, మీ పైప్‌లైన్ సరిగ్గా నడిచిందని తెలిసింది. పాజిటివ్ కంట్రోల్ అని రాయండి, గౌరవంగా ఉంటుంది.

ఎలుకల మాట కూడా చెప్పేస్తాను. ఎలుకల్లో ఈ జబ్బు తెప్పించడానికి మేం మోనోక్రోటాలిన్ అనే విషం ఇస్తాం, లేదా సుజెన్ అనే మందు ఇచ్చి తక్కువ ఆక్సిజన్ గదిలో పెడతాం. రెండో పద్ధతిలో మనుషుల్లో కనబడే ప్లెక్సిఫార్మ్ గాయాలకి (ధమనుల్లో కణాలు చిక్కుముడిలా పెరగడం) దగ్గరగా వస్తుంది. మీ జీన్ మనుషుల టిష్యూలో పెరిగి, ఎలుకలో ప్రెషర్ పెరగక ముందే మారిందంటే అప్పుడు కారణం వైపు ఒక అడుగు. ఎలుకల సెట్లు కూడా జియోలో ఉన్నాయి, రోజుల వారీగా శాంపిల్స్ తీసినవి వెతకండి. ఇది మీ ప్రాజెక్టులో రెండో అధ్యాయం చేయొచ్చు, వెట్ ల్యాబ్ అక్కర్లేదు.

పేపర్‌పులి

సరే ఒక మాట అడుగుతాను, గొడవకి కాదు. ఇంత ఓమిక్స్ (జీన్స్, ప్రోటీన్లని మూకుమ్మడిగా కొలిచే పని) చేసి ఇప్పటిదాకా పేషెంట్‌కి ఏం ఒరిగింది? ఒక్క మందు చెప్పండి.

ఎలుకల_గది

సోటాటెర్సెప్ట్ అనే పీఏహెచ్ మందు. కానీ ఆ కథ మీరనుకున్న దారిలో జరగలేదు. 2000లో రెండు బృందాలు, పీఏహెచ్ వంశపారంపర్యంగా ఉన్న కుటుంబాల్లో వెతికి, రెండో క్రోమోజోమ్ మీద బీఎంపీఆర్2 అనే జీన్‌లో మ్యుటేషన్లు పట్టుకున్నాయి. ఆ రిసెప్టర్ కణాలకి ‘పెరగడం ఆపు’ అని చెప్పే వైపు పని చేస్తుంది. అది సగానికి తగ్గితే అవతలి వైపు, అంటే యాక్టివిన్ సిగ్నల్ బలం పుంజుకుంటుంది. మ్యుటేషన్ లేని పేషెంట్ల లంగ్‌లో కూడా బీఎంపీఆర్2 తగ్గి ఉంటుందని తర్వాత తెలిసింది. అసలు సోటాటెర్సెప్ట్ ఎముకల కోసం తయారైంది, మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళ మీద పరీక్షిస్తే హిమోగ్లోబిన్ పెరిగింది, దాంతో రక్తహీనత వైపు తీసుకెళ్ళారు, ఆ తర్వాతే పీఏహెచ్‌కి వచ్చింది. యాక్టివిన్‌ని దారిలోనే పట్టేసే ఉచ్చు లాంటి ప్రోటీన్ అది. 2023లో వచ్చిన స్టెల్లార్ ట్రయల్‌లో 323 మంది, ఆరు నిమిషాల నడకలో ప్లాసిబో కంటే దాదాపు 41 మీటర్లు తేడా. 2024 మార్చిలో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. మూడు వారాలకోసారి చర్మం కింద ఇంజెక్షన్. హిమోగ్లోబిన్ మరీ పెరగడం, ప్లేట్‌లెట్లు తగ్గడం, ముక్కు నుంచి రక్తం లాంటివి ఉన్నాయి కాబట్టి రక్త పరీక్షలు చేస్తూనే ఉండాలి.

జీన్ దొరికిన దగ్గర నుంచి మందు దాకా 24 ఏళ్ళు. హబ్ జీన్ లిస్టు నుంచి రాలేదు, కుటుంబాల జెనెటిక్స్ నుంచి వచ్చింది. నన్నడిగితే పెద్ద డేటాలో ఇప్పటికీ ఎక్కువ నమ్మకమైనది జెనెటిక్సే, ఎందుకంటే జీన్ పుట్టుకతో వస్తుంది, జబ్బు తర్వాత వస్తుంది, ఆ వరస తారుమారు కాదు.

పాత_కమాండ్‌లైన్

ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. జెనెటిక్స్ బలమైనదే. 2018లో బ్రిటన్ వాళ్ళు వెయ్యి మందికి పైగా పీఏహెచ్ పేషెంట్ల పూర్తి జీనోమ్ చదివి ఏటీపీ13ఏ3, ఎస్‌ఓఎక్స్17, ఏక్యూపీ1, జీడీఎఫ్2 పట్టుకున్నారు. మరుసటి ఏడాది 2,085 కేసులతో జీవాస్ (జీనోమ్ మొత్తంలో జబ్బుతో ముడిపడ్డ తేడాలు వెతికే అధ్యయనం) వచ్చింది, ఎస్‌ఓఎక్స్17 దగ్గర, ఇమ్యూనిటీకి సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ-డీపీ దగ్గర సిగ్నల్ దొరికింది. హెచ్‌ఎల్‌ఏ దగ్గర ఒక్క అక్షరం తేడాతో సగటు బతుకు 13.5 ఏళ్ళా, 7 ఏళ్ళా అన్నంత తేడా చూపించారు. కానీ వాళ్ళందరూ యూరోపియన్ సంతతి. మన హెచ్‌ఎల్‌ఏ వేరు. జీనోమ్ ఇండియా పదివేల జీనోమ్‌లు ఇప్పుడు ఫరీదాబాద్‌లోని ఐబీడీసీ అనే డేటా కేంద్రంలో ఉన్నాయి, అనుమతి తీసుకుని వాడొచ్చు, అయితే అవి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళవి. ఆ వేరియంట్ మన దగ్గర ఎంతమందిలో ఉందో తెలుస్తుంది, మన పేషెంట్లలో ఏం చేస్తుందో తెలీదు.

జీన్ ఒకటే చాలదనడానికి కారణం, ఒకే ఇడియోపతిక్ లేబుల్ కింద వేరే వేరే జబ్బులు ఉన్నాయేమో అన్న అనుమానం. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2019లో రక్తంలో 48 సైటోకైన్లు (ఇమ్యూన్ కణాల సంకేత ప్రోటీన్లు) కొలిచి, గ్రూప్ 1 ఉపజాతులని పట్టించుకోకుండా మెషీన్‌ని విడదీయమంటే నాలుగు గుంపులు వచ్చాయి, వాటి మధ్య బతుకులో తేడా ఉంది, షెఫీల్డ్ పేషెంట్లలో మళ్ళీ సరిచూశారు. 2021లో 359 మంది ఇడియోపతిక్ పేషెంట్ల రక్తం ఆర్‌ఎన్‌ఏతో ఇలాంటి పనే చేశారు. అమెరికాలో పీవీడీఓమిక్స్ అని ఐదు గ్రూపులనీ కలిపి వెయ్యి మందికి పైగా చేర్చి, అందరికీ ఒకే పద్ధతిలో క్యాథ్, ఎకో, ఎంఆర్‌ఐ, రక్తం. డాక్టర్ గారు చెప్పిన ఐదు గ్రూపుల గోడలు అణువుల స్థాయిలో నిలబడతాయా అన్నదే వాళ్ళ ప్రశ్న. ఇది జెనెటిక్స్‌తో తేలదు.

మా_అక్క_కోసం

క్షమించాలి, నేను సైన్స్ మనిషిని కాదు, గూగుల్‌లో వెతుకుతుంటే ఈ థ్రెడ్ దొరికింది. మా అక్కకి ఇడియోపతిక్ పీఏహెచ్ అన్నారు, సిల్డెనాఫిల్, ఆంబ్రిసెంటాన్ వాడుతోంది. మీరు బీఎంపీఆర్2 అంటున్నారు కదా, ఆ టెస్ట్ అక్కకి చేయించాలా? నాకు ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళకి వస్తుందా? రాత్రి నుంచి టెన్షన్‌గా ఉంది.

వార్డు_డ్యూటీ

అమ్మా, ముందు ఊపిరి తీసుకోండి. ఇడియోపతిక్ అని చెప్పిన వాళ్ళలో పది నుంచి ఇరవై శాతం మందిలోనే బీఎంపీఆర్2 మ్యుటేషన్ దొరుకుతుంది, అంటే ఎక్కువమందిలో దొరకదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉన్న కుటుంబాల్లో అయితే 70, 80 శాతం దాకా ఉంటుంది. ఒకవేళ అక్కకి ఉందనుకున్నా మీకు ఉండే అవకాశం సగం, మీకు ఉంటేనే పిల్లలకి సగం. మ్యుటేషన్ ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. ఒక పెద్ద కుటుంబాల అధ్యయనంలో జీవితకాలంలో జబ్బు వచ్చినది ఆడవాళ్ళలో 42 శాతం, మగవాళ్ళలో 14 శాతం. ఫ్రాన్స్‌లో మ్యుటేషన్ ఉండి లక్షణాలు లేని 55 మందిని ఏళ్ళ తరబడి చూస్తే ఏడాదికి రెండు శాతం పైచిలుకు మందికి వచ్చింది.

టెస్ట్ అక్కతో మొదలవ్వాలి, పిల్లలతో కాదు. యూరోపియన్ గైడ్‌లైన్స్ ఇడియోపతిక్ పేషెంట్లకి జెనెటిక్ కౌన్సెలింగ్, టెస్ట్ గురించి చెప్పమనే అంటాయి. ఆమెని చూసే డాక్టర్‌ని అడగండి, కౌన్సెలర్ దగ్గర కూర్చున్నాకే రక్తం ఇవ్వండి, ఎందుకంటే రిపోర్టులో ‘అర్థం తేలని వేరియంట్’ అని వస్తే దాన్ని మ్యుటేషన్ అనుకుని ఇల్లంతా బెంబేలెత్తుతారు, నేను చూశాను. అక్కకి ఏమీ దొరక్కపోతే పిల్లలకి జీన్ టెస్ట్ చేయించి ప్రయోజనం లేదు. దొరికితే, మీలో ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి ఈసీజీ, ఎకో, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా పోతోందో చూసే డీఎల్‌సీఓ పరీక్ష. అక్క మందులు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు, ఈ థ్రెడ్ చదివి అసలే ఆపొద్దు.

మా_అక్క_కోసం

చాలా థ్యాంక్స్ డాక్టర్ గారూ. సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, అడుగుతాను.

ఆర్‌స్టూడియో_రాత్రులు

అందరికీ ధన్యవాదాలు. సెక్స్ పెట్టి మళ్ళీ నడిపాను, మొదటి మూడూ లిస్టు నుంచి మాయమయ్యాయి, పీఓఎస్‌టీఎన్, ఎస్‌పీపీ1 నిలబడ్డాయి. హెచ్‌బీబీ ఇంకా ఉంది. శాంపిల్ కోరిలేషన్ ఈ రాత్రికి వేస్తాను. సిబర్‌సార్ట్ అధ్యాయం తీసేయాలా? గైడ్ గారికి ఆ బొమ్మ బాగా నచ్చింది, అదీ ఇబ్బంది.

ఎలుకల_గది

తీసేయకండి, అనుబంధంలోకి పంపండి. గైడ్ గారికి బొమ్మ ఉంటుంది, మీకు గొడవ ఉండదు. ఆ స్థానంలో సింగిల్ సెల్ డేటాలో మీ జీన్స్ డాట్ ప్లాట్ పెట్టండి, అది ఇంకా బాగుంటుంది చూడటానికి. పీఓఎస్‌టీఎన్ ఫైబ్రోబ్లాస్ట్‌లో (టిష్యూకి నార అల్లే కణాలు) ఎంత వెలుగుతుందో, ధమని కణాల్లో ఎంతో చూడండి. అప్పుడు అది ఎందుకు పెరిగిందో రాయడానికి మీకు ఒక పేరా దొరుకుతుంది.

పాత_కమాండ్‌లైన్

హెచ్‌బీబీతో పాటు మిగతా హిమోగ్లోబిన్ జీన్స్ హెచ్‌బీఏ1, హెచ్‌బీఏ2 కూడా కలిసి కదులుతున్నాయేమో చూడండి. మూడూ ఒకే దిక్కుకి పోతే అది రక్తమే, ఆ మూడూ కలిపి ఒక స్కోర్ చేసి మోడల్‌లో పెట్టి మళ్ళీ నడపండి. కోరిలేషన్‌లో జతలు దొరికితే జీఎస్ఈ53408 వదిలేసి జీఎస్ఈ117261ని విడిగా వాలిడేషన్‌కి ఉంచండి, కలపకండి. అందులో 58 మంది పేషెంట్లు, 25 కంట్రోల్స్, వేరే దేశం, వేరే రకం ‘నార్మల్’. మీ పదింట్లో అక్కడ నాలుగు నిలబడినా ఆ నాలుగింటి గురించే థీసిస్ రాయండి. టైటిల్‌లో ‘డయాగ్నొస్టిక్’ తీసేశారు కదా?

ఆర్‌స్టూడియో_రాత్రులు

తీసేశాను అన్నా. గైడ్ గారు మళ్ళీ పెట్టకుండా ఉంటే చాలు.